నీట్‌లో 171, కరీబియన్ ఎంబీబీఎస్ అంటున్నారు, స్థలం అమ్మి పంపించొచ్చా?

కూర్మన్నపాలెం_నాన్న:

నమస్కారమండీ. మాది వైజాగ్, కూర్మన్నపాలెం. పోర్టులో ఒక కాంట్రాక్టర్ దగ్గర స్టోర్స్ చూసుకుంటాను. మా పాప బైపీసీ, ఇంటర్‌లో 931 వచ్చాయి, నీట్ దగ్గరికొచ్చేసరికి ఫిజిక్స్ దెబ్బకొట్టేసింది, ఒక ఏడాది లాంగ్ టర్మ్ పెట్టించాక కూడా 2025లో 171 వచ్చాయి. క్వాలిఫై అయితే అయింది గానీ ఆ మార్కులకి గవర్నమెంట్ సీటు ఊసే లేదు, ప్రైవేట్‌లో బీ కేటగిరీ అంటే ఏడాదికి పది లక్షలు దాటిపోతుంది, అంత పెట్టినా సీటొస్తుందని నమ్మకం లేదు.

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. రష్యా, ఫిలిప్పీన్స్ అంతా పాత మాట అండీ ఇప్పుడు కరీబియన్ దీవులు అన్నారు. మొదట ఒకటిన్నర ఏడాది ప్రీ మెడికల్, తర్వాత రెండేళ్ళు ఐలాండ్‌లో చదువు, ఆఖరి రెండేళ్ళు అమెరికా హాస్పిటల్స్‌లో పేషెంట్ల దగ్గర నేర్చుకునే క్లినికల్స్, చివర్లో వచ్చేది ఎంబీబీఎస్ కాదు ఏకంగా ఎండీ డిగ్రీ అని చెప్పారు. మొత్తం 38 లక్షలట, జనవరి బ్యాచ్‌కి ఇప్పుడే 50 వేలు కడితే సీటు బ్లాక్ చేస్తారట. డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు ఉందని ఒక కాగితం కూడా చూపించారు.

సబ్బవరం దగ్గర 200 గజాల స్థలం ఉంది, నా సర్వీసంతా పెట్టి కొన్నది అదొక్కటే. అది అమ్మి, మిగతాది లోన్ పెడదామని మా ఆవిడ అంటోంది. పాప అయితే డాక్టర్ తప్ప ఇంకేదీ వద్దంటోంది, రాత్రిళ్ళు ఏడుస్తోంది, చూడలేకపోతున్నాను. మార్కులు తక్కువ వచ్చిన పిల్లలకి ఇది నిజంగా దారేనా? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

---

ఎంవీపీ_డ్యూటీ_డాక్టర్:

అంకుల్, ఆ 50 వేలు కట్టకండి. ముందు ఇది చదవండి, తర్వాత మీ ఇష్టం.

నేను వెళ్ళొచ్చినవాడినే. 2015లో ఒక చిన్న ఐలాండ్ కాలేజీలో చేరాను, పేరు చెప్పను. ఇప్పుడు వైజాగ్‌లోనే ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో డ్యూటీ డాక్టర్‌ని. మాతో వెళ్ళిన తెలుగువాళ్ళం 14 మందిమి, ఇవాళ డాక్టర్లుగా పనిచేస్తున్నది అయిదుగురం. మిగతావాళ్ళు చదువురాని వాళ్ళు కాదు, ఒకడైతే నాకు ఫిజియాలజీ నేర్పించాడు, వాడిప్పుడు మెడికల్ కోడింగ్ చేస్తున్నాడు.

అన్నిటికన్నా ముందు మీరు తెలుసుకోవాల్సింది ఎన్ఎంసీ రూల్, అంటే మన దేశంలో మెడికల్ చదువుల్ని చూసే నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టిన రూల్. 2021 నవంబర్ 18న వచ్చిన రెగ్యులేషన్స్ ప్రకారం ఆ తేదీ తర్వాత బయటదేశంలో చేరినవాళ్ళకి ఇండియాలో లైసెన్స్ కావాలంటే కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీష్ మీడియంలో ఉండాలి, దానిపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి, ఇవన్నీ ఒకే కాలేజీలో జరగాలి, మధ్యలో ఇంకో చోట కొంత భాగం చేశామంటే కుదరదు. ఆ పైన ఆ దేశంలో అక్కడి పౌరులకి ఇచ్చినట్టే మీకూ ప్రాక్టీస్ చేసే లైసెన్స్ వచ్చే డిగ్రీ అయ్యుండాలి. ఇక్కడికొచ్చాక మళ్ళీ ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్. చేరిన రోజు నుంచి పదేళ్ళలోపు మొత్తం అయిపోవాలి.

ఇప్పుడు మీకు చెప్పిన ప్యాకేజీ పక్కన పెట్టి చూడండి. ప్రీ మెడికల్ అనేది మెడిసిన్ కాదు, ఇంటర్ బైపీసీ లాంటిదే, అది తీసేస్తే మిగిలేది రెండేళ్ళు ప్లస్ రెండేళ్ళు, అంటే 48 నెలలు. 54 ఎక్కడ, 48 ఎక్కడ? రెండేళ్ళు ఐలాండ్‌లో, రెండేళ్ళు అమెరికా హాస్పిటల్‌లో అన్నప్పుడే ఒకే కాలేజీ అన్న మాట పోయింది. ఇంటర్న్‌షిప్ సంగతి అసలు ఎత్తనే లేదు వాళ్ళు. అమెరికా క్లినికల్స్ అని వాళ్ళు గొప్పగా చెప్పేదే ఇండియాకి తిరిగొచ్చేవాళ్ళకి అడ్డం. మా బ్యాచ్ ఆ తేదీకి ముందు చేరింది కాబట్టి గట్టెక్కాం, మీ పాపకి ఆ వెసులుబాటు లేదు.

ఎండీ డిగ్రీ అన్నారు కదా, అది విని చాలామంది ఇళ్ళల్లో మోసపోతారు, మా ఇంట్లో కూడా మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు మావాడు డైరెక్ట్ ఎండీ అని. అమెరికా పద్ధతిలో డాక్టర్ చదువు మొదటి డిగ్రీ పేరే ఎండీ, మన ఎంబీబీఎస్‌తో సమానం, అంతే. మన దగ్గర ఎంబీబీఎస్ తర్వాత చేసే ఎండీ వేరు.

డబ్ల్యూహెచ్‌ఓ అసలు మెడికల్ కాలేజీలకి గుర్తింపు ఇవ్వదు. ఒకప్పుడు పేర్ల జాబితా ఒకటి ఉండేది, తర్వాత దాని స్థానంలో వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్ అని వచ్చింది, దాంట్లో పేరున్నంత మాత్రాన మంచి కాలేజీ అని కాదు, ఇండియాలో చెల్లుతుందని అంతకన్నా కాదు. ఎన్ఎంసీ అప్రూవ్డ్ కాలేజీ అని ఎవరన్నా అంటే అదీ అబద్ధమే, ఫారిన్ కాలేజీలకి అలాంటి అప్రూవ్డ్ లిస్ట్ ఎన్ఎంసీ పెట్టదు, రూల్స్‌కి సరిపోతుందో లేదో మనమే చూసుకోవాలి. 2025లో బెలిజ్‌లో కొన్ని కాలేజీల్లో చేరొద్దని పేర్లతో సహా నోటీస్ మాత్రం ఇచ్చింది.

నా సంగతి చెప్పాలంటే ఐలాండ్‌లో రెండేళ్ళయ్యాక అమెరికా వీసాకి వెళ్తే రెండుసార్లు రిజెక్ట్ అయింది. ఫీజు తీసుకున్న కాలేజీ చేతులెత్తేసింది, చివరికి గయానాలో ఒక హాస్పిటల్‌కి పంపించారు. ఎనిమిది నెలలు ఊరికే కూర్చున్నాను, హాస్టల్ డబ్బులు మాత్రం ఆగలేదు. అక్కడ ఉల్లిపాయ కూడా ఓడలో రావాలి, ఏది కొన్నా మనకి మూడు రెట్లు. 2017 సెప్టెంబర్‌లో తుఫాను కొట్టి మూడు వారాలు కరెంట్ లేదు. మనం హుద్‌హుద్ చూసినవాళ్ళమే కదా, అయినా ఇంటికి ఫోన్ చేయడానికి సిగ్నల్ లేకుండా అన్ని రోజులు పరాయి దేశంలో ఉండడం వేరు, మా అమ్మ ఆ మూడు వారాలు సరిగ్గా అన్నం తినలేదట.

ఇవన్నీ దాటొచ్చాక ఎఫ్ఎంజీఈ, బయటదేశంలో చదివొచ్చినవాళ్ళు ఇక్కడ లైసెన్స్ కోసం రాయాల్సిన పరీక్ష. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగటివ్ మార్కులు లేవు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. 2025 జూన్ సెషన్‌లో రాసినవాళ్ళలో నూటికి 19 మంది కూడా పాసవ్వలేదు. నేను నాలుగోసారికి పాసయ్యాను. నీట్‌లో తప్పించుకున్న పరీక్ష ఆరేళ్ళ తర్వాత గుమ్మంలో నిలబడి ఉంటుంది అంకుల్, అప్పటికి స్థలం కూడా ఉండదు.

---

ఎడిసన్_అత్తయ్య:

అన్నయ్య గారూ, డాక్టర్ బాబు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను అవతలి వైపు నుంచి చెప్తాను. మాది అక్కయ్యపాలెం, 25 ఏళ్ళ నుంచి న్యూజెర్సీలో ఉంటున్నాం, మా పెద్దవాడు కరీబియన్‌లో చదివే ఇప్పుడు ఒహాయోలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ, అంటే డాక్టర్ డిగ్రీ తర్వాత హాస్పిటల్‌లో చేసే ట్రైనింగ్, చేస్తున్నాడు. అందుకని కరీబియన్ అంటే మొత్తం మోసం అని మాత్రం నేను అనను. కానీ అది ఎవరికోసం కట్టారో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

ఇక్కడ డిగ్రీ అయ్యాక ఎంక్యాట్ అనే ఎంట్రన్స్ రాసి మెడికల్ కాలేజీకి అప్లై చేస్తారు, ఏడాదికి సుమారు 52 వేల మంది అప్లై చేస్తే 23 వేల మందికి సీటొస్తుంది. చేరేవాళ్ళ సగటు ఎంక్యాట్ 511 పైన, డిగ్రీ మార్కుల సగటు జీపీఏ 3.7 పైన. మావాడికి ఎంక్యాట్ 499, జీపీఏ 3.2. ఇలా మిగిలిపోయిన అమెరికా పిల్లల కోసమే 1970ల చివర్లో ఆ ఐలాండ్స్‌లో కాలేజీలు వెలిశాయి. గ్రెనడాలో సెయింట్ జార్జెస్ 1976లో, రాస్, ఏయూసీ రెండూ 1978లో. ఐలాండ్‌లో పుస్తకాల చదువు, అమెరికా హాస్పిటల్స్‌లో క్లినికల్స్, అమెరికా లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి అమెరికాలోనే రెసిడెన్సీ, మొత్తం ఆ లెక్కమీదే కట్టారు. అక్కడి నుంచి వైజాగ్ వచ్చి ప్రాక్టీస్ పెట్టుకునేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు అవి.

మరి అమెరికా పిల్లలకైనా తేలికా అంటే కాదు. సీటు తేలిగ్గా ఇస్తారు, ఒక్కో బ్యాచ్‌లో వందల మంది, తర్వాత వడపోత మొదలవుతుంది. యూఎస్ఎంఎల్ఈలో మొదటి భాగం స్టెప్ 1 రాయనివ్వాలంటే ముందు కాలేజీ పెట్టే కాంప్ అనే పరీక్ష పాసవ్వాలి, మావాడు ఒక టర్మ్ రిపీట్ చేశాడు, వాడి రూమ్‌మేట్ కాంప్ దాటలేక రెండేళ్ళ ఫీజు అప్పుతో ఇంటికొచ్చేశాడు. వెబ్‌సైట్లో మా పిల్లల్లో ఇంతమంది పాసయ్యారు అని వేస్తారు చూడండి, అది పరీక్ష దాకా వచ్చినవాళ్ళ లెక్క, మధ్యలో రాలిపోయినవాళ్ళు అందులో ఉండరు. ఎవరైనా అడగాల్సింది ఎంతమంది చేరారు, వాళ్ళల్లో ఎంతమంది అనుకున్న టైముకి పూర్తి చేశారు అని.

రెసిడెన్సీ సీట్లు కేటాయించేదాన్ని ఇక్కడ మ్యాచ్ అంటారు, 2025 మ్యాచ్‌లో అమెరికా ఎండీ కాలేజీల పిల్లలకి నూటికి 93 మందికి రెసిడెన్సీ దొరికితే, బయట చదివిన అమెరికా పౌరులకి 67, 68 మందికి, బయట చదివిన పరదేశీయులకి 58 మందికి దొరికింది. మీ పాప ఆ మూడో గుంపు. మ్యాచ్ అయినా వీసా కావాలి, ఎక్కువగా జే-1 ఇస్తారు, అది అయ్యాక రెండేళ్ళు ఇండియా వెళ్ళి ఉండాలి, లేదంటే డాక్టర్లు దొరకని మారుమూల ఊళ్ళో పనిచేసే ఒప్పందం మీద వెయివర్, అంటే మినహాయింపు, తెచ్చుకోవాలి. ఇండియాలో డిగ్రీ చెల్లక, అమెరికాలో మ్యాచ్ అవ్వకపోతే ఆ పిల్ల పరిస్థితి ఏంటో ఒక్కసారి ఆలోచించండి, నాకైతే గుండె జారిపోతోంది.

డబ్బు సంగతి కూడా చెప్తాను. పేరున్న కాలేజీల్లో ఫీజులే రెండు మూడు లక్షల డాలర్లు, మావాడికి ఇక్కడి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోన్ వచ్చింది కాబట్టి చదివాడు, అది పౌరులకి, గ్రీన్ కార్డ్ వాళ్ళకే. ఇప్పుడు ఆ లోన్లకి కూడా 2026 జూలై నుంచి ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద రెండు లక్షలు అని పరిమితి పెట్టేశారు. మీకు 38 లక్షలు అన్నారంటే అది ఆ పెద్ద కాలేజీల్లో ఏదీ అయ్యే అవకాశమే లేదు, ఎక్కడో చిన్నది. న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో ఎక్కువ వారాలు క్లినికల్స్ చేయాలంటే ఆ కాలేజీకి అక్కడి ప్రభుత్వ అనుమతి ఉండాలి, చిన్నవాటికి చాలావాటికి అది ఉండదు.

మళ్ళీ మొదటికి వెళ్ళే అవకాశం ఉంటే మావాడిని ఇంకో ఏడాది కూర్చోబెట్టి ఎంక్యాట్ మళ్ళీ రాయించి ఇక్కడే డీఓ కాలేజీలకి, అంటే ఎండీ లాగే డాక్టర్ అయ్యే ఇంకో డిగ్రీ ఇచ్చేవాటికి, అప్లై చేయించేదాన్ని. అప్పుడు ఏడాది పోతుందని భయపడ్డాం. తర్వాత టర్మ్ రిపీట్‌కి, మ్యాచ్ మొదటిసారి రాకపోవడానికి కలిపి ఏడాదిన్నర పోయింది. ఆ ఏడాదిన్నర మా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు.

---

పెందుర్తి_బైపీసీ:

డాక్టర్ గారూ చిన్న డౌట్. మా అన్నకి గయానాలో అయిదేళ్ళ కోర్స్ ప్లస్ ఏడాది ఇంటర్న్‌షిప్ మొత్తం అక్కడే అని చెప్పారు, అప్పుడు 54 నెలలు, ఒకే కాలేజీ అన్నీ సరిపోతాయి కదా? మరి ఇదీ కరీబియనే కదా?

---

ఎంవీపీ_డ్యూటీ_డాక్టర్:

తమ్ముడూ మంచి పాయింట్ అడిగావు. కాగితం మీద నెలలు సరిపోవచ్చు. ఇంకొకటి చూడాలి, ఆ కాలేజీ డిగ్రీతో అక్కడి పిల్లలకి అక్కడి మెడికల్ కౌన్సిల్ లైసెన్స్ ఇస్తోందా, బయటివాళ్ళకీ అదే లైసెన్స్ ఇస్తుందా? కొన్ని కాలేజీల్లో లోకల్ పిల్లలు ఒక్కరు కూడా ఉండరు, పూర్తిగా బయటివాళ్ళ కోసమే నడుస్తాయి, అది చూడగానే అనుమానం రావాలి. యూనివర్సిటీ ఆఫ్ ది వెస్టిండీస్ అని 1948 నుంచి ఉంది, జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌లో క్యాంపస్‌లు, అక్కడి ప్రభుత్వ హాస్పిటల్స్ డాక్టర్లు చాలావరకు దాంట్లో చదివినవాళ్ళే. నేను గయానాలో ఉన్నప్పుడు మాకు పాఠం చెప్పిన సర్జన్ ఆ యూనివర్సిటీలో చదివినవాడే. అది నిజమైన యూనివర్సిటీ, కానీ అక్కడ సీటు కూడా మంచి మార్కులకే ఇస్తారు, తక్కువ మార్కులకి షార్ట్‌కట్ కాదు. కాబట్టి మీ అన్నని, కాలేజీకి సంబంధం లేకుండా నేరుగా ఆ దేశపు మెడికల్ కౌన్సిల్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోమను. హాస్పిటల్‌లో ఎన్ని బెడ్లు ఉన్నాయో, రోజుకి ఎంతమంది పేషెంట్లు వస్తారో అక్కడ చదివే సీనియర్‌ని అడగమను, కన్సల్టెన్సీ ఇచ్చిన సీనియర్ నంబర్ కాదు, తనే వెతికి పట్టుకున్న సీనియర్‌ని. మన వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఒక్క ఓపీ రోజు చూసే కేసులు నేను అక్కడ నెలలో చూడలేదు, వచ్చాక ఆ లోటు పూడ్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

---

బోటనీ_మాస్టారు:

సార్, నేను గాజువాకలో 18 ఏళ్ళుగా ఇంటర్, లాంగ్ టర్మ్ పిల్లలకి బోటనీ చెప్తున్నాను. మీ పాప లాంటి పిల్లల్ని ఏటా చూస్తాను కాబట్టి కాస్త చనువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు 171లో ఏ సబ్జెక్ట్‌లో ఎంతొచ్చిందో చూడండి. ఇంటర్‌లో 931 తెచ్చుకున్న పిల్లకి బయాలజీలో 360కి 120, 130 దగ్గర ఆగిందంటే అది చదవలేక కాదు, పేపర్ రాసే పద్ధతి తెలియక, నెగటివ్‌ల వల్ల. 2025 పేపర్ కష్టంగా వచ్చింది, దేశం మొత్తం మీద టాప్ మార్కే 686, జనరల్ కటాఫ్ 144కి దిగింది. అలాంటి పిల్లలు ఇంకో ఏడాదిలో బాగా పైకి లేవడం చూశాను, అస్సలు కదలకపోవడమూ చూశాను. తేడా ఎక్కడ వచ్చిందంటే పిల్ల ఇంకో ఏడాది తనంతట తాను కూర్చుంటానంటే కదిలింది, ఇంట్లోవాళ్ళు నెట్టితే కదల్లేదు. మే దాకా టైం ఉంది, నాలుగు వారాలు ఫిజిక్స్ మాత్రమే చేయించి పాత పేపర్లు టైం పెట్టి రాయించండి, 180కి ఎంతొస్తోందో రాసి పెట్టండి, నెల తర్వాత అంకె పెరిగితే ఈ ఏడాది నీట్‌కే, పెరగకపోతే అప్పుడు వేరే ఆలోచన.

వేరే ఆలోచన అంటే తక్కువది అని కాదు. నా స్టూడెంట్ ఒకమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి ఇప్పుడు ఐసీయూలో పనిచేస్తోంది, మా నాన్నకి గుండెపోటు వచ్చిన రాత్రి మొదట పట్టుకున్న చెయ్యి ఆ అమ్మాయిదే. ఫిజియోథెరపీ ఉంది, బీడీఎస్ ఉంది, హోమియోలో బీహెచ్ఎంఎస్, ఆయుర్వేదంలో బీఏఎంఎస్ ఉన్నాయి. డాక్టర్ అనే మాట మీద ఆశా, పేషెంట్ దగ్గర ఉండి చూసుకోవాలన్న ఆశా రెండూ ఒకటేనా అని పాపని మెల్లగా అడగండి. ఇప్పుడే కాదు, ఏడుపు తగ్గాక.

అమెరికా వెళ్ళాలన్న కోరిక ఉంటే దానికి కూడా ఇక్కడ ఎంబీబీఎస్ చేసి యూఎస్ఎంఎల్ఈ రాసే దారి ఎప్పటినుంచో ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ లెక్కలేనంత మంది.

---

కూర్మన్నపాలెం_నాన్న:

అందరికీ పేరుపేరునా దండాలండీ. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా ద్వారకానగర్ వెళ్ళాను, ఈసారి పాపని, మా ఆవిడని కూడా తీసుకెళ్ళాను. కాగితం మీద మూడే రాసుకెళ్ళాను. ప్రీ మెడికల్ తీసేస్తే 54 నెలలు అవుతుందా, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తారు, ఆ ఐలాండ్‌లో మా పాపకి అక్కడి పిల్లలకి ఇచ్చే లైసెన్సే ఇస్తారా. మొదటి రోజు గలగలా మాట్లాడిన అబ్బాయి నీళ్ళు నమిలాడు, లోపలికెళ్ళి మేనేజర్‌ని తీసుకొచ్చాడు. ఆయన రూల్స్ మారతాయి సార్, మీ పాప వచ్చేసరికి ఎఫ్ఎంజీఈ బదులు నెక్స్ట్ అనే కొత్త పరీక్ష వచ్చేస్తుంది, అప్పుడు ఇవేవీ ఉండవు అన్నాడు. అదే మాట మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి అన్నాను. రాయలేం అన్నాడు. లేచొచ్చేశాం.

బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. ఎన్ఏడీ జంక్షన్ దాటాక పాప అడిగింది, నాన్నా ఆ డాక్టర్ గారు నాలుగోసారి పాసయ్యారు కదా, మొదటి మూడుసార్లు ఏం చేశారట అని. నాకు తెలీదమ్మా అన్నాను.

స్థలం అమ్మడం ఆపేశాం. మాస్టారూ, రాత్రి కూర్చుని లెక్క తీస్తే మీరన్నట్టే బయాలజీలో 122, కెమిస్ట్రీలో 38, ఫిజిక్స్‌లో 11. ఇవాళ పొద్దున్న టైం పెట్టి పాత పేపర్ ఫిజిక్స్ ఒక్కటే రాసింది, 29 వచ్చాయి, గోడ మీద తేదీ వేసి రాసి పెట్టింది. డాక్టర్ బాబూ, మీకు ఇబ్బంది లేకపోతే ఒక అరగంట పాపతో మాట్లాడతారా? ఎంవీపీ కాలనీకి తీసుకొస్తాను.

---

ఎంవీపీ_డ్యూటీ_డాక్టర్:

తప్పకుండా అంకుల్. శనివారం నైట్ డ్యూటీ, ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి దిగుతాను, రైతు బజార్ ఎదురుగా టీ షాప్ దగ్గర ఉంటాను. ఆ మూడుసార్లు ఏం చేశానో అంతా చెప్తాను. ఫిజిక్స్ పేపర్ కూడా తెమ్మనండి, నాకూ అదే దెబ్బకొట్టింది.